నాలుగు వేళ్ల ఎడం

హైదరాబాద్ కొత్తపేటలో, మా వీధి చివర, పాత ఇల్లొకటి పడగొట్టి ఐదంతస్తుల అపార్టుమెంటు కడుతున్నారు. మొన్న పొద్దున పాలకని బయలుదేరితే కింది అంతస్తు పిల్లర్లకు తడిపిన గోనెపట్టాలు చుట్టి ఉన్నాయి. వాటి మీంచి కారిన నీళ్లు రోడ్డు దాకా వచ్చాయి. తడి గోనె, పచ్చి సిమెంటు కలిసిన వాసన. చాలామంది ముక్కు మూసుకుని దాటిపోయే వాసన. నేను మాత్రం పాల సంచితో అక్కడే నిలబడిపోయాను. ఎవరూ గమనించడం లేదని చూసుకుని, ఒక పిల్లరు దగ్గరకు వెళ్లి గోనె మీద అరచెయ్యి ఆనించాను. ఒక పక్క ఆరిపోయి ఉంది. వాచ్‌మన్‌ను పిలిచి, ఇటు పక్క నీళ్లు పడలేదు, కొంచెం కొట్టండని చెప్పాను. అతను నన్ను ఎగాదిగా చూసి, ఈ బిల్డింగు మీదేనా మేడం అని అడిగాడు. కాదన్నాను. మరి మీకెందుకు అన్నట్టు చూశాడు గానీ పైపు మాత్రం అందుకున్నాడు.

ఎవరిదో పిల్లరుకు ఇలా నీళ్లు కొట్టించే అలవాటు నాకు యాదగిరి సార్ నుంచి వచ్చింది. ఆయన సైదాబాద్‌లో కిరాయి ఇంట్లో ఉండేవారు. అక్కణ్నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఆఫీసుకు రోజూ నడిచే వచ్చేవారు. దారిలో ఎక్కడ ఇల్లు కడుతున్నా ఆగి, పిల్లర్లు తడిమి చూసి, ఆరిపోయి ఉంటే నీళ్లు కొట్టేదాకా కదిలేవారు కాదు. అందుకే తొమ్మిదిన్నర ఆఫీసుకు ఎనిమిదింటికే బయలుదేరేవారు. ఈ సంగతి ఆయన భార్య అనసూయమ్మగారు నాకు నవ్వుతూ చెప్పారు. "కాంక్రీటు గూడ పసిపిల్ల అసువంటిదే, ఏడు దినాలు కనిపెట్టుకొని ఉండాలె అంటడమ్మా. మా పిల్లలు పసిపిల్లలున్నప్పుడు ఒక్కనాడన్న కనిపెట్టుకొని ఉన్నడా, అడుగు."

మా ఆఫీసు మెయిన్ రోడ్డు మీద ఒక బట్టల షాపు పైన, మూడో అంతస్తులో ఉండేది. వంతెనలకు డ్రాయింగులు తయారు చేసే చిన్న కన్సల్టెన్సీ. అందరం కలిసి పన్నెండు మందిమి. కిటికీలోంచి చూస్తే అప్పుడే లేస్తున్న మెట్రో స్తంభాలు కనిపించేవి. యాదగిరి సార్‌ది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు పల్లెటూరు. పాలిటెక్నిక్ చదివి, డ్రాయింగుల మీద పల్చటి కాగితం పరిచి సిరాతో నకళ్లు తీసే పనిలో చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి, నేను చేరేనాటికి ఆఫీసులో అందరి పనీ సరిచూసే మనిషి అయ్యారు. మా డ్రాయింగుల కింది మూలలో మూడు సంతకాలకు గళ్లు ఉంటాయి. గీసినవారు, లెక్క కట్టినవారు, సరిచూసినవారు. ఆ మూడో గడి ఆయనది. పొట్టిగా, సన్నగా, తెల్ల పొట్టిచేతుల చొక్కా జేబులో ఎర్ర పెన్సిలుతో ఆయన టేబుళ్ల మధ్య నడుస్తుంటే పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా కాగితాలు సర్దుకునేవాళ్లు.

మాది తెనాలి దగ్గర ఊరు. కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పడానికి వచ్చిన నాన్న ఇక్కడే స్థిరపడిపోయారు. నేను ఎం.టెక్. పూర్తి చేసి ఆ ఆఫీసులో చేరినప్పుడు లెక్కల విషయంలో నన్ను మించినవాళ్లు లేరన్న ధీమాతో ఉన్నాను. నా మొదటి డ్రాయింగు సార్ టేబుల్ మీదకు వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చింది. దాని నిండా ఎర్ర గీతలు. ఆయన నా కుర్చీ పక్కన నిలబడి, "లెక్క మంచిగున్నది వసంతమ్మా. కని దీన్ని కట్టేటోడు మనిషి. నువ్వు గీసిన ఈ రాడ్ల నడుమ వాని చెయ్యి ఎట్ల పడుతది?" అని అడిగారు. ఆ ప్రశ్న కాలేజీలో నన్నెవరూ అడగలేదు.

ఆ ఆదివారం పొద్దున నన్ను సైదాబాద్‌లో ఒక ఇంటి పని జరుగుతున్న చోటికి రమ్మన్నారు. అక్కడి మేస్త్రీ ఆయనకు తెలిసినవాడే. ఒక పిల్లరుకు నిలువు కడ్డీలు నిలబెట్టి ఉన్నాయి. వాటి చుట్టూ ఇనుప రింగులు తొడిగి, సన్నటి తీగతో ఒక్కో మూలా మెలిపెట్టి కట్టాలి. సార్ నా చేతికి కొక్కెం ఇచ్చి కట్టమన్నారు. మొదటి రింగుకు పావుగంట పట్టింది. మధ్యాహ్నానికి పది కట్టాను. చూపుడువేలు చీరుకుపోయింది. మేస్త్రీ జాలిపడి, చాలు సార్, పాపం మేడం అన్నాడు. సార్ నా రింగుల మధ్య తన నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి చూశారు. "పిల్లర్ పాదం కాడ నాలుగు వేళ్ల ఎడం. పైకి పోయినంక జానెడు. భూమి ఊగితే అన్నిటికంటే ఎక్కువ బాధ పాదానికే బిడ్డా. అందుకే అక్కడ రింగులు గట్టిగ పట్టుకోవాలె." పుస్తకంలో ఆ సంగతే మిల్లీమీటర్లలో చదివాను. ఆ రోజు నుంచి అది నాకు వేళ్లలోనే గుర్తుంది. గుర్తుండీ నేను ఆ తప్పు ఎలా చేశానన్నదే ఇక్కడ చెప్పవలసిన కథ.

నేను చేరిన మూడో ఏట మా ఆఫీసుకు పెద్ద పని వచ్చింది. ఉత్తరాదిన, కొండల్లో, ఒక నది లోయ మీద హైవే వంతెన. నాలుగు వరుసల రోడ్డు లోయ ఈ కొస నుంచి ఆ కొసకు గాలిలో నడిచినట్టు వెళ్లాలి. అన్నిటికంటే పొడవైన స్తంభం ముప్పై అంతస్తుల మేడంత ఎత్తు. ఆ ప్రాంతంలో భూకంపాలు వస్తాయి. మా ఆఫీసు యజమాని ప్రసాద్ గారిది కూడా కోస్తా జిల్లానే, మెత్తని మనిషి. ఆయన స్తంభాల డ్రాయింగులు నాకు అప్పగించారు. నేను అప్పటికి కొండ అంటే మంగళగిరి కొండ, నది అంటే ప్రకాశం బ్యారేజీ దగ్గరి కృష్ణ మాత్రమే ఎరిగినదాన్ని. దిల్‌సుఖ్‌నగర్ బస్సుల హారన్ల మధ్య కూర్చుని, ఎన్నడూ చూడని లోయకు స్తంభాలు గీశాను.

నాలుగో స్తంభం డ్రాయింగు పంపాల్సిన రోజుకు యాదగిరి సార్ సెలవులో ఉన్నారు. అనసూయమ్మగారికి ఆపరేషన్. సైటు నుంచి ఫోను మీద ఫోను. ప్రసాద్ గారు నన్ను పిలిచి, "సంతకం ఒక్కటే కదమ్మా మిగిలింది, ఓసారి వెళ్లి పెట్టించుకురా" అన్నారు. ఆటో ఎక్కి దవాఖానకు వెళ్లాను. సార్ వరండాలో బల్ల మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. అనసూయమ్మగారిని లోపలికి తీసుకువెళ్లి గంట దాటింది. కాగితం చుట్ట చూడగానే, "ఇప్పుడా?" అన్నారు. అత్యవసరం సార్ అన్నాను. ఒళ్లో పరుచుకుని పైనుంచి కిందికి చూశారు. మధ్యలో ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంటే తలెత్తారు, నర్సు ఎవరి కోసమో వచ్చి వెళ్లిపోయింది. మళ్లీ కాగితం మీదకు వంగి సంతకం పెట్టేశారు. "నువ్వు చూసినవ్ గద మంచిగ?" అని అడిగారు. చూశానన్నాను.

అయిదు వారాల తరువాత, ఒక గురువారం, ఆరో స్తంభం గీస్తూ పక్కన నాలుగో స్తంభం కాగితం పెట్టుకున్నాను. రింగుల పట్టిక మీద చూపు ఆగిపోయింది. పాదం దగ్గర కూడా జానెడు ఎడమే రాసి ఉంది. లెక్కలో సరిగ్గా కట్టాను. డ్రాయింగులోకి ఎక్కించేటప్పుడు త్వరపడి, మైదానంలో కట్టిన పాత వంతెన డ్రాయింగు నుంచి పట్టికను యథాతథంగా దించుకున్నాను. సరిచేయడం మరిచిపోయాను. సైటు నుంచి వచ్చిన ఫొటోలు తీసి చూశాను. నాలుగో స్తంభానికి మొదటి అంచె, అంటే రెండు నిలువుల ఎత్తు, కాంక్రీటు పోసేశారు. రింగులు దాని లోపల ఉన్నాయి. ఇక ఎవరికీ కనిపించవు.

ఆ రోజూ మరునాడూ ఎవరికీ చెప్పలేదు. తలనొప్పి అని చెప్పి ఇంటికి వెళ్లి మళ్లీ మళ్లీ లెక్కలు వేశాను. మామూలు రోజుల్లో స్తంభానికి ఏమీ కాదు. లారీలు మోస్తుంది, గాలిని తట్టుకుంటుంది. పెద్ద భూకంపం వస్తేనే అనుమానం. అది నా జీవితకాలంలో రావచ్చు, రాకపోవచ్చు. నాన్న పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, ఏమ్మా, అన్నం సరిగ్గా తినడం లేదేమిటి అని అడిగితే ఏదో చెప్పాను. నిజం చెప్పాలంటే ఆ రెండు రోజులూ నేను భయపడింది వంతెన కోసం కాదు. నా ఉద్యోగం కోసం, నా పేరు కోసం. దవాఖానలో కూర్చున్న మనిషి చేత సంతకం పెట్టించానన్న సిగ్గు బయటపడుతుందని.

శనివారం పొద్దున వెళ్లి సార్ టేబుల్ ముందు నిలబడ్డాను. ఆయన తలెత్తి చూసి, ఎర్ర పెన్సిలు కింద పెట్టి, కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. "ఏంది వసంతమ్మా, పరేషాన్‌గున్నవ్?" రెండు కాగితాలూ ఆయన ముందు పరిచి వేలు పెట్టి చూపించాను. ఆయన చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఎప్పుడు చూసినవ్?"

"గురువారం సార్."

"ఇయ్యాల శనివారం," అన్నారు.

ఆయన నన్ను మందలించింది ఆ ఒక్క మాటతోనే. ఆ తరువాత ఫోను నా వైపు జరిపి, "సైటుకు చెయ్. నాలుగో పిల్లర్ మీద పని ఆపుమని చెప్పు" అన్నారు. మీరు చెబితే బాగుంటుంది సార్ అన్నాను. "నేను చెప్తె వాళ్లు అడిగేదానికి జవాబు నాకు తెల్వదు. నీకు తెలుసు. చెయ్." చేశాను. సార్ పక్కన కూర్చుని, ప్రతి వాక్యానికీ తల ఊపుతూ ఉన్నారు.

ప్రసాద్ గారు మా ఇద్దరినీ గదిలో కూర్చోబెట్టుకున్నారు. "యాదగిరిగారూ, కంగారు పడొద్దు. ఇలాంటివాటికి డిజైన్‌లో కొంత అదనపు బలం ఉంటూనే ఉంటుంది. మోస్తుందేమో చూద్దాం" అన్నారు. సార్ నెమ్మదిగా, "మోస్తదేమో సార్. మోస్తదేమో అని బ్రిడ్జి మీద బోర్డు పెట్టలేం గద" అన్నారు. ఆ సాయంత్రమే ప్రసాద్ గారు మా ఇద్దరికీ రైలు టికెట్లు తీయించారు. ఆడపిల్లవి, ఆ కొండల్లోకి నువ్వెందుకే అని అమ్మ సణిగింది. తప్పు చేసింది నేనమ్మా అని మొదటిసారి ఇంట్లో చెప్పాను. అమ్మ ఉన్ని శాలువా తెచ్చి నా సంచిలో పెట్టింది.

రెండు రైళ్లు, ఒక జీపు. లోయ దగ్గర దిగాం. కాగితం మీద చెయ్యి చాపితే అందే దూరం అక్కడ కళ్లకు అందటం లేదు. నది ఎక్కడో అడుగున తెల్లగా, చప్పుడుతో. సైటు గేటు దగ్గర టీ కొట్టు నడిపే ఒకావిడ ఎదుటి కొండ మీద ఒక రేకుల కప్పు చూపించి, అది మా అక్క ఇల్లు అని హిందీలో చెప్పింది. కేక వేస్తే వినిపిస్తుందట, వెళ్లాలంటే మాత్రం కొండ దిగి, నది దాటి, మళ్లీ ఎక్కి రెండు గంటలు. వంతెన ఎప్పటికి అవుతుంది అని అడిగింది. సార్ తన హైదరాబాదీ హిందీలో, ఈ పిల్ల త్వరగా పని పూర్తి చేస్తే అవుతుందని నన్ను చూపించారు. ఆవిడ నవ్వి నాకు రెండోసారి టీ పోసింది.

సైటు పెద్ద, అంటే అక్కడి పనంతా చూసే ఇంజినీరు, ఉత్తరాది మనిషి, ముప్పై ఏళ్లుగా కొండల్లో పనిచేసినవాడు. రేకుల షెడ్డులో ఆరేడుగురు ఇంజినీర్లు కూర్చున్నారు. నేను లేచి, డ్రాయింగులో తప్పుంది, గీసింది నేను అని చెప్పాను. వెంటనే పక్కనుంచి సార్, "సరిచూసింది నేను. దవాఖానల కూసొని సంతకం పెట్టిన. అట్ల పెట్టుడు నా తప్పు" అన్నారు. ఆ మాటను హిందీలోకి మార్చి చెప్పాల్సింది నేనే. చెప్పలేక ఆగిపోతే, ఆయనే వచ్చీరాని హిందీలో మళ్లీ చెప్పారు. సైటు పెద్ద అడిగింది ఒక్కటే. నువ్వు ఇంకా ఏమేమి గీశావు? ఆ మధ్యాహ్నమంతా నేను గీసిన ప్రతి కాగితాన్నీ గీత గీతా అందరం కలిసి చూశాం. మిగతావి సరిగ్గానే ఉన్నాయి. నాలుగో స్తంభం మొదటి అంచె పగలగొట్టి మళ్లీ పోయాలని తేలింది.

రింగులు కట్టే ముఠాకు మేస్త్రీ సైదులు. సార్ ఊరికి పదిమైళ్ల దూరం వాడే. పగలగొట్టే పని మొదలుపెట్టే ముందు సార్ అతనికి సంగతి చెబితే, ఆశ్చర్యపోలేదు. "నాకు అప్పుడే అనుమానమొచ్చింది సార్. పోయిన బ్రిడ్జికి పాదం కాడ దగ్గర దగ్గర కట్టినం. ఈడ జానెడు జానెడు ఉన్నయ్. అడిగిన. డ్రాయింగుల అట్లనే ఉన్నది, అట్లనే కట్టు అన్నరు."

"మరి మాకు ఫోన్ చేయకపోతివి సైదులూ?" అన్నారు సార్.

"మీ నంబరు నాకేడిది సార్?"

సార్ ముఖం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. షెడ్డులో అంతమంది ముందు తప్పు ఒప్పుకున్నప్పుడు కూడా ఆయన అంత చిన్నబోలేదు.

పగలగొట్టడం పది రోజుల పైనే పట్టింది. నిలువు కడ్డీలు దెబ్బతినకుండా కొంచెం కొంచెంగా చెక్కాలి. మేము మొదటి నాలుగు రోజులు ఉన్నాం. ఇక ఉండాల్సిన పనేమీ లేదని సైటు పెద్ద అన్నా సార్ కదల్లేదు. నన్నూ కదలనివ్వలేదు. హెల్మెట్ పెట్టుకుని నిలబడి ఆ మనుషులు దుమ్ములో, ఆ మోతలో, నా పొరపాటును ముక్కలు ముక్కలుగా తీయడం చూశాను. రెండో రోజు ఆగలేక సిమెంటు గోడౌన్ వెనక్కి వెళ్లి ఏడ్చాను. సార్ వెతుక్కుంటూ వచ్చి, నా పక్కన ఇసుక కుప్ప మీద కూర్చుని, అప్పటికి కోలుకున్న అనసూయమ్మగారు కట్టి పంపిన జొన్న రొట్టె విప్పారు. "తిను. ఏడ్చుడు తర్వాత ఏడువచ్చు. రొట్టె రేపటికి పాడైతది."

తింటుండగా ఆయన తన సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్ల వైపు ఒక వాగు మీద చిన్న వంతెనకు డ్రాయింగు గీశారట. ఎత్తు ఒక మూర తక్కువ వేశారు. పోసేశాక తెలుసుకుని పై అధికారికి చెబితే, నోరు మూసుకో, చిన్న వాగే కదా అన్నాడు. మూసుకున్నారు. "ముప్పై ఏండ్లయింది బిడ్డా. మా అత్తగారి ఊరికి పోవాల్నంటే దాని మీదికెళ్లే పోవాలె. వానకాలం నీళ్లు పైకొస్తయ్. ప్యాంటు మడుచుకొని దాటుత. పిల్లలు బడి మానుకుంటరు. మా బామ్మర్ది ఎన్క నడుచుకుంట, ఏ గాడిద గీసిండో దీన్ని అని తిడుతడు. నేను ఊ కొడుత." రొట్టె ఇంకో ముక్క తుంచి, "అనసూయకు గూడ తెల్వదు. నీకు అసువంటిది ఒకటి ఉండొద్దని తోలుకొచ్చిన" అన్నారు. నేను అప్పటిదాకా ఆ ప్రయాణం నాకు పడిన శిక్ష అనుకున్నాను.

హైదరాబాద్ తిరిగొచ్చాక సార్, ఏడాదిపాటు మూడో గడిలో తన సంతకం వద్దని ప్రసాద్ గారికి చెప్పేశారు. వేరొకరు ఆ కుర్చీలోకి వచ్చారు. సార్ కిటికీ పక్క చిన్న టేబులుకు మారి, సంతకం లేకుండా అంతే పని చేశారు. ఆ వంతెన కట్టే కంపెనీ నుంచి తరువాతి పని మాకు రాలేదు. ఆఫీసులో కొందరు కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు. అది నాకు దక్కవలసిందే.

సరిచేసిన డ్రాయింగు పంపే రోజు సార్ నా టేబుల్ దగ్గరికి వచ్చి, కింది మూలలో సంతకాల గళ్ల పైన ఒక వాక్యం రాయమన్నారు. అర్థం కాకపోయినా, అనుమానం వచ్చినా ఈ నంబరుకు ఫోన్ చేయండి. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. ఆఫీసు నంబరు వేయబోతే ఆపారు. "ఆఫీసు ఫోను ఎవరెత్తుతరో ఏమో. నీది రాయి." తొలి రోజుల్లో ఎవరెవరో చేసేవాళ్లు. కూలి పని ఉందా అని ఒకరు, పెళ్లి సంబంధం చూస్తున్నామని ఒకరు. విసుక్కుంటే సార్, "ఎత్తుతవని నమ్మకమొస్తే అసలోళ్లు చేస్తరు, జర ఓపిక పట్టు" అనేవారు. నాలుగో నెలలో సైదులు చేశాడు. పై అంచెలో రెండు కడ్డీలు ఒకదానికొకటి అడ్డం వస్తున్నాయని. అతను చెప్పింది నిజమే. పోయక ముందే మార్చాం.

వంతెన పూర్తయ్యాక నేను వెళ్లాను. సార్‌కు మోకాళ్ల నొప్పులు, రాలేకపోయారు. నడిమధ్య నిలబడి వీడియో కాల్ చేసి లోయ, నది, మంచు కొండలు చూపించబోయాను. "అవన్ని తర్వాత. నీళ్లు పోయే పైపులు చూపియ్" అన్నారు. వంగి ఒక్కోటీ చూపించాను. "లారీలు పోతున్నయా?" పోతున్నాయి సార్. "మరింకేంది, ఇంటికొచ్చెయ్." టీ కొట్టు ఆవిడ ఇప్పుడు అక్క ఇంటికి పది నిమిషాల్లో వెళ్తోందట. వెళ్లడం కాదు, అక్కే రోజూ వచ్చి కూర్చుంటోంది, పని సాగనివ్వడం లేదు అని నవ్వుతూ విసుక్కుంది.

రెండేళ్ల కిందట, వానాకాలంలో, మీర్‌పేట్‌లో కట్టుకున్న సొంత ఇంట్లో సార్ పోయారు. వెళ్లినప్పుడు వాకిట్లో ప్రసాద్ గారు నా పక్కన కూర్చుని, నేనెన్నడూ వినని మాట చెప్పారు. ఆ రోజుల్లో నన్ను ఉద్యోగంలోంచి తీసేద్దామనుకున్నారట. "తప్పు చేసి చెప్పిన మనిషిని పంపిస్తే ఇగ మన ఆఫీసుల ఎవ్వరు తప్పు చెప్పరు సార్, అన్నాడమ్మా యాదగిరి. పంపాల్సి వస్తే నన్ను పంపండని కూడా అన్నాడు." అన్నేళ్లు పక్క టేబుల్ దగ్గరే ఉండి ఆయన ఈ సంగతి నాతో అనలేదు.

కాసేపటికి నల్లగొండ నుంచి వచ్చిన నడివయసు మనిషి ఒకాయన మంచినీళ్లు ఇస్తూ, "మీరేనా వసంతమ్మ? మా బావ ఎప్పుడూ మీ ముచ్చటే చెప్తుండె" అన్నాడు. ఆయనే సార్ బావమరిది. ఊరికే వాగు వంతెన గురించి అడిగాను, ఇప్పటికీ నీళ్లొస్తాయా అని. ఆయన నన్ను వింతగా చూశాడు. "అది మీకెట్ల తెలుసు? ఆ కొండల బ్రిడ్జి కాడికెళ్లి ఒచ్చిన ఏడు, వానల వాగు దాటుతుంటే నేను ఎప్పటి లెక్కనే తిట్టిన. మా బావ ఆగి, ఆ గాడిదను నేనే అన్నడు. నేను నవ్విన. మర్నాడు ఊరోళ్లందర్ని కూసోబెట్టి వాళ్ల ముంగట గూడ అన్నడు. ఎత్తు పెంచేటందుకు కొత్త డ్రాయింగు ఆయనే గీసిండు. ఆఫీసుల చుట్టు మూడేండ్లు తిరిగి పని చేయించిండు. ఇప్పుడు నీళ్లు రావమ్మా. పిల్లలు చెప్పులేసుకొనే పోతున్నరు."

నేను ఆయనకు తెచ్చిపెట్టింది తలవంపులే అని లోలోపల బాధపడుతూ వచ్చాను. ఆ వాకిట్లో ఆ బాధ కొంత దిగింది. రుణపడ్డానని ఆయన ఎన్నడూ నా చేత అనిపించుకోలేదు. ఇప్పుడు అనాలంటే వినేందుకు ఆయన లేరు.

ఇప్పుడు ఎల్బీనగర్‌కు మారిన మా ఆఫీసులో మూడో గడి నాది. వెనకటంత ధీమా లేదు. ప్రతి సంతకానికీ ముందు కుర్చీలోంచి లేచి, మంచినీళ్లు తాగి, వచ్చి కూర్చుని మళ్లీ మొదటి నుంచి చూస్తాను. తొందరగా అని ఎవరన్నా కాగితం పట్టుకుని ఇంటికో, పెళ్లికో వస్తే, రేపు ఆఫీసులో అంటాను. చిన్నవాళ్లు నా వెనక నవ్వుకుంటారని తెలుసు.

పోయిన ఆదివారం రైతుబజారులో గోంగూర బేరం చేస్తుంటే తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఒడిశా నుంచి వచ్చిన కార్మికుడు, ఎక్కడో ఘాట్‌రోడ్డు వంతెన పని మీద ఉన్నాడు, డ్రాయింగు మీద నా నంబరు చూసి చేశాడు. మూడో నంబరు కడ్డీ వంపు ఎటు తిప్పాలో తెలియడం లేదని హిందీలో అడిగాడు. ఫొటో పంపమని, కూరగాయల సంచీ పక్కన మెట్టు మీద కూర్చుని చూశాను. అతను కట్టింది సరిగ్గానే ఉంది, ఆ మాటే చెప్పాను. సెలవు రోజు ఇబ్బంది పెట్టాను, మాఫ్ కర్నా మేడం అన్నాడు. ఇబ్బందేమీ లేదన్నాను. కాస్త సందేహిస్తూ, రేపు ఇంకొకటి అడగాలి, చేయొచ్చా అన్నాడు.

చేయమన్నాను. పేరేమిటని అడిగి, ఆ నంబరు పక్కన రాసుకున్నాను.